‘తగిన కారణం’ – ఒక మాట చరిత్ర

చట్టాల చరిత్రను తేదీల వరసగా చదవడం మనకు అలవాటు. సాహిత్య విద్యార్థి దాన్ని మాటల వరసగా కూడా చదవాలి. ఒక మాట ఎవరి పక్షాన నిలబడిందో విచారించాలి. వికలాంగులైన పిల్లల చదువు విషయంలో అటువంటి మాట ఒకటుంది: ‘తగిన కారణం’.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని 45వ అధికరణంలో చెప్పింది. ‘అందరికీ’ అన్న మాటలో మినహాయింపు లేదు. కాని వైకల్యం కలిగినవారి విద్యాహక్కును ప్రస్తావించిన 41వ అధికరణం దానికి ‘ఆర్థిక స్థోమత మేరకు’ అని షరతు తగిలించింది.

1960లో ఢిల్లీ ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఇతర రాష్ట్రాలకు నమూనాగా నిలిచిన చట్టమది. బిడ్డను బడికి పంపని తల్లిదండ్రులు చూపదగిన ‘తగిన కారణాల’ను అది లెక్కగట్టింది. దగ్గరలో బడి లేకపోవడం ఒకటి. శారీరక, మానసిక లోపం వల్ల బిడ్డ రాలేకపోవడం మరొకటి. పైకి ఇది దయగానే కనిపిస్తుంది. నడవలేని బిడ్డను బడికి పంపలేదని పేదతండ్రికి జరిమానా వెయ్యరాదు కదా! కాని లోతుకు పోతే ఏమిటి? బడికి మెట్లు కట్టినవారిని వదిలి, ఎక్కలేని కాళ్ళను కారణంగా చూపడమే. తండ్రికి ఇచ్చిన మినహాయింపు నిజానికి ప్రభుత్వానికే దక్కింది.

1980ల చివర కడప జిల్లాలో ఒక పల్లెబడిలో నేను చదివేటప్పుడు, పోలియోతో కాళ్ళు చచ్చుబడిన మా ఈడు పిల్లవాడొకడు బడి అరుగు కింద కూర్చునేవాడు. మేము లోపల వల్లించే ఎక్కాలన్నీ అతనికి వచ్చు. రిజిస్టరులో మాత్రం అతని పేరు లేదు. హాజరుపట్టీ రానివాళ్ళ చరిత్ర చెబుతుంది. పేరే ఎక్కనివాళ్ళ చరిత్ర చెప్పదు.

1995 వికలాంగుల చట్టం ఈ స్థితిని మార్చింది. పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య అన్నది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. అయితే భవనాల్లో వాలుదారులు కట్టవలసిన చోట మళ్ళీ ఆ పాత ‘ఆర్థిక స్థోమత’ ప్రత్యక్షమయింది. చట్టం వచ్చి పదేళ్ళు దాటాక కూడా, పదో తరగతి ముగించిన బొల్లా శ్రీకాంత్ అనే అంధ విద్యార్థి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. అతనిది మచిలీపట్నం ప్రాంతం. కాని అతనికి అడ్డు తగిలిన నిబంధన కర్నూలు, కడప పిల్లలకూ అదే. అతడు గెలిచాడు. కోర్టుదాకా పోలేనివాళ్ళ మాటేమిటి?

2009 విద్యాహక్కు చట్టం ‘ప్రతికూల పరిస్థితుల్లోని పిల్లల’ జాబితాలో మొదట వికలాంగులను చేర్చలేదు. 2012 సవరణతో చేర్చింది. అదే సవరణ, తీవ్రవైకల్యం గల పిల్లలు ఇంటివద్ద విద్యను కోరుకోవచ్చునన్నది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలోగాని ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. ఉన్నతవిద్యలో కేటాయింపును 5 శాతం చేసింది. మినహాయింపు హక్కుగా మారడం ఒక చారిత్రక విజయమే. దాన్ని తక్కువ చేయరాదు.

అయితే ‘ఇంటివద్ద’ అన్న మాట దగ్గర మనం ఆగాలి. కోరుకునే హక్కు బిడ్డదని చట్టం. ఆచరణలో కోరుకునేది ఎవరు? బిడ్డ ఇంట్లో ఉంటేనే బడికి సుళువు. పైగా ఏ ఇల్లు? కోసిగి, ఆదోని వైపు వానలు ముఖం చాటేస్తే ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతాయి. నడవలేని బిడ్డ తల్లితో చేనిగట్టున గుడారంలోనో, ఊళ్ళో అవ్వ దగ్గరో ఉంటుంది. వారానికొకసారి పాఠం చెప్పడానికి వచ్చే టీచరుకు కనిపించేది తాళం. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి బిడ్డను ఎత్తుకుపోవాలంటే తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. పాత ‘తగిన కారణం’ చట్టం నుంచి వెళ్ళిపోయి కరువులో తలదాచుకుంది.

వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు - పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. పేరు మార్చడానికి సిమెంటు అక్కరలేదు. కరువుసీమ కథకులు వలసను రాశారు, ఎండిన బావిని రాశారు. తాళం వేసిన ఇంటి ముందు అవ్వ పక్కన కూర్చున్న ఆ బిడ్డను ఎంతమంది రాశారు? రిజిస్టరులో ఎక్కని పేరు సాహిత్యంలోనైనా ఎక్కాలి. ఎక్కకపోవడానికి మన దగ్గర తగిన కారణం లేదు.