మధుమేహ అవగాహన కొలత

షుగర్ ఉన్నవారికి తమ జబ్బు గురించి ఎంత తెలుసో ప్రశ్నలతో లెక్కగట్టడాన్ని మధుమేహ అవగాహన కొలత అంటారు. దీనికి బాగా వాడుకలో ఉన్న సాధనాల్లో ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రశ్నావళి. అందులో 23 ప్రశ్నలున్నాయి: 14 అందరికీ, 9 ఇన్సులిన్ వాడకం గురించి. పిండిపదార్థం దేనిలో ఎక్కువని అడిగి, కోడిమాంసం, స్విస్ చీజ్, బంగాళాదుంప, వేరుశనగ వెన్నల్లోంచి ఎంచుకోమంటుంది. కూకట్‌పల్లి రైతుబజారుకు సంచీ పట్టుకొచ్చే మనిషి ఇక్కడ తడబడితే బయటపడేది చీజ్‌తో పరిచయం లేకపోవడమే, షుగర్ సంగతి కాదు. బెల్లం వేసిన రాగిజావ గురించి అడిగి చూడాలి. "బెల్లమేగా, పంచదార కాదుగా" అంటే, కొలవాల్సిన అపోహ దొరికినట్టే.

తిండి పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు, వేళలూ మారాలి. మందుల చీటీలో "టిఫిన్‌కు ముందు" అని ఉంటుంది. కేపీహెచ్‌బీ కాలనీలో ఉంటూ హైటెక్ సిటీలో అమెరికా వేళల్లో పనిచేసే ఉద్యోగికి తెల్లవారేది పడుకోవడానికి. తొలి భోజనం మధ్యాహ్నం రెండింటికి. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్ మాత్ర కడుపు ఖాళీగా ఉన్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. పొద్దున్నే అది వేసుకుని ఏమీ తినకుండా పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. లో షుగర్ లక్షణాలన్నీ గడగడా అప్పజెప్పి పూర్తి మార్కులు తెచ్చుకున్నవారూ ఈ పొరపాటు చేయగలరు.

ప్రశ్నలు మారిస్తే దేశాల మధ్య పోలిక పోతుందనేది న్యాయమైన అభ్యంతరమే. అయితే మాటకు మాట అనువదించిన చీజ్ ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకే కష్టంతో ఉండదు, కాబట్టి ఆ పోలిక ముందునుంచీ గట్టిది కాదు. లో షుగర్, పాదాల సంరక్షణ వంటి ప్రశ్నలు ఉమ్మడిగా ఉంచి తిండివి, వేళలవి స్థానికంగా రాసుకోవచ్చు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష ఉండగా ప్రశ్నలెందుకనే వారూ ఉన్నారు. సగటులో ఎగుడుదిగుళ్లు కనబడవు. పైగా ఇనుము లోపం ఆ అంకెను పెంచి చూపగలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఇక డాక్టరుకు తీరిక లేదనే మాట. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. "పెళ్లిభోజనం మూడింటికి గానీ పెట్టకపోతే ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?" అని అడగడానికి నిమిషం చాలు.