సర్వ్‌ఫెయిల్ వెనక కథ
లినక్స్ సర్వర్‌లో సర్వ్‌ఫెయిల్ కనిపిస్తే చాలామంది డీఎన్ఎస్‌సెక్ ఆపేస్తారు. ఆగండి, కథ వినండి.

2008లో డాన్ కామిన్‌స్కీ ఒక లొసుగు బయటపెట్టాడు. మీరు బ్యాంక్ సైట్ పేరు కొడితే దొంగ అడ్రస్ వచ్చేలా చేయొచ్చు! దాంతో, జవాబు మీద డిజిటల్ సంతకం చూసే డీఎన్ఎస్‌సెక్‌కి ఊపొచ్చింది. 2010 జూలైలో రూట్ జోన్‌కే సంతకం పడింది. ఆ రూట్ కీని 2017లో మార్చాల్సింది. కొన్ని సర్వర్లకి కొత్త కీ చేరలేదని తెలిసి ఐకాన్ వాయిదా వేసింది, 2018 అక్టోబర్ 11న మార్చింది.

అందుకే నేను డిగ్ కమాండ్‌కి ప్లస్ సీడీ తగిలిస్తా, అంటే సంతకం చూడకుండా అడగడం. అప్పుడు మాత్రమే జవాబొస్తే తేడా సంతకం దగ్గరే. సంతకాలకి గడువుంటుంది కాబట్టి ముందు సర్వర్ టైమ్ చూడండి. తర్వాత, రూట్ కీ పాతదేమో చూడండి. తాళం పడట్లేదని తలుపు పీకేయం కదా!