భాషా? భాశా?
కంప్యూటర్లో తెలుగు రాతకు ఒప్పందం కుదిరిన కథ

మన ఉప్పుగూడ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే పదిమంది పది రకాలుగా రాస్తారు. 'గూ'లోని దీర్ఘానికి ఒకరు ఒక్క 'యు'తో సరిపెడతారు, ఇంకొకరు రెండు 'ఓ'లు పెడతారు. చివర ఉన్న 'డి'ని 'డ' అని పలకాలో 'ద' అని పలకాలో కొత్తవారికి తెలియదు. ఊరివాళ్లకు పేరు ముందే తెలుసు కాబట్టి ఎలా రాసినా సరిగ్గానే చదువుకుంటారు. కంప్యూటర్‌కు ఆ తెలివి లేదు. రాసే మనిషికీ చదివే యంత్రానికీ మధ్య ముందుగా ఒక ఒప్పందం ఉండాలి. తెలుగు విషయంలో ఆ ఒప్పందం జనంలోకి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. మన బడి స్వర్ణోత్సవ సంచికలో ఈ చరిత్రకు చోటెందుకంటే, మనలో చాలామంది చదువుకుని ఉద్యోగాల్లో చేరిన కాలంలోనే అది జరిగింది. పైగా మన బడి జ్ఞాపకాల భద్రత కూడా దానితో ముడిపడి ఉంది.

హ్యూస్టన్‌లో పుట్టిన పద్ధతి

1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువారికి ఇంటర్నెట్ అందింది కానీ అందులో తెలుగు లిపి లేదు. ఉన్నవల్లా ఇంగ్లీషు కీబోర్డు మీది అక్షరాలే. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 'రిట్' అనే ప్రోగ్రాము తయారు చేశారు. దానితోపాటు వాడుకలోకి వచ్చిన రాత పద్ధతికి ఆ విశ్వవిద్యాలయం పేరుమీదే 'రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్' అని పేరు, పొట్టిగా ఆర్టీఎస్.

దాని కిటుకు చాలా తేలిక. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ చిన్నబడి, పెద్దబడి రెండు రూపాలుంటాయి. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. చిన్న 'డి'కి ద, పెద్ద 'డి'కి డ. చిన్న 'ఇ'కి ఎ, పెద్ద 'ఇ'కి ఏ. పెద్ద 'ఎమ్' సున్న. ఈ లెక్కన ఉప్పుగూడలో 'యు', 'డి' రెండూ పెద్దబడిలో పడితే ఇక చదవడంలో సందేహమే ఉండదు. ఇలా రాసిన పాఠం మామూలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఏ యంత్రం మీదైనా చెడకుండా ప్రయాణం చేస్తుంది. కొంచెం అలవాటైతే తెలుగు లిపిలోకి మార్చకుండానే చదువుకోవచ్చు. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక తొలి సంచికలు ఈ పద్ధతి నీడలోనే పెరిగాయి.

అయితే పద్ధతి ఒక్కటే కాలేదు. అవినాశ్ చోప్డే రూపొందించిన 'ఐట్రాన్స్' అనేక భారతీయ లిపులకు పనికివచ్చేది, తెలుగుకు కూడా. అందులో 'ఎస్', 'హెచ్' చిన్నబడిలో పక్కపక్కన కొడితే 'శ' వస్తుంది. ఆర్టీఎస్‌లో అవే రెండు అక్షరాలకు 'ష' వస్తుంది. అంటే ఒకచోట 'భాష' అని రాసుకున్నది ఇంకోచోట 'భాశ' అయి కూర్చుంటుంది. రెండు పద్ధతుల్లోనూ తప్పు లేదు, రెండూ తమ నియమం ప్రకారమే నడిచాయి. నియమం ఏ పద్ధతిదో పాఠంలో ఎక్కడా రాసి ఉండకపోవడమే చిక్కు.

ఫాంట్ల కాలం

ఇక్కడ మన ఊళ్లో దారి వేరు. ఛత్తాబజార్ ప్రెస్సుల నుంచి పెద్ద పత్రికల ఆఫీసుల దాకా డీటీపీ పని అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచింది. ఆ ఫాంట్లలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. కాగితం మీద ముద్ర అందంగా వచ్చేది. కానీ ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేవి. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు ఏ పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు దింపుకోవలసి వచ్చింది. మన పాతబస్తీలో ఉర్దూ పని చేసేవారికీ ఇన్‌పేజ్ పాత ఫైళ్లతో ఇదే తిప్పలు.

మరోపక్క ప్రభుత్వ స్థాయిలో ప్రయత్నం ముందే మొదలైంది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి అమరికగా 'ఇస్కీ' 1988లో వచ్చింది, 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. ప్రపంచ లిపులన్నిటికీ విడివిడిగా స్థానాలిచ్చే యూనికోడ్ 1991లో వెలువడినప్పుడు అందులో తెలుగు ఉంది. మన లిపికి 128 గళ్లు కేటాయించారు, వాటి వరుస ఇస్కీ నుంచే తీసుకున్నారు. కాగితం మీద ప్రమాణం అప్పుడే ఉన్నా, మామూలు కంప్యూటర్లో తెలుగు కనిపించడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు రావలసి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పత్రికల రకరకాల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' కూడా ఆయన చేసిందే. 2006లో వీవెన్ 'లేఖిని'ని అందుబాటులోకి తెచ్చాక ఇంగ్లీషు కీబోర్డు తప్ప మరేమీ లేనివారు కూడా తెలుగులో రాయగలిగారు.

గమనించండి, లేఖినిలో వేళ్లు కొట్టేది పాత ఆర్టీఎస్ పద్ధతినే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డువారు మరోలా కొడతారు, ఫోనులో పిల్లలు ఇంకోలా కొడతారు. కానీ లోపల నిలవ ఉండేది మాత్రం ఒకటే 'ష', ఒకటే 'శ'. చేతి అలవాటును ఎవరికి వారికి వదిలేసి, దాచే పాఠం దగ్గర అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. ఒప్పందం నిలిచింది అందుకే.

చుక్క గుర్తు తగాదా

ఇది తెలుగుకే వచ్చిన చిక్కు కాదు. మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక మాటకు అటూ ఇటూ ఒక్కో చుక్క గుర్తు పెడితే అది బొద్దు అక్షరాల్లో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పని చేసే మన మిత్రులు వాడే 'మార్క్‌డౌన్'లో అదే ఒక్క చుక్కకు వాలు అక్షరాలు వస్తాయి, బొద్దుకు రెండేసి కావాలి. తెలుగు వికీపీడియాలో బొద్దుకు చుక్కలు కాదు, మూడేసి కామా కొమ్ములు.

మార్క్‌డౌన్‌ను 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సహకారంతో తయారు చేశాడు. ఉత్తరాల్లో జనం ముందునుంచీ వాడుతున్న గుర్తులనే నియమాలుగా మార్చాడు కాబట్టి అందరికీ నచ్చింది. కానీ నియమాల వివరణలో సందులున్నాయి. జాబితాలో ఉపజాబితా ఎన్ని ఖాళీల తర్వాత మొదలవ్వాలి వంటి ప్రశ్నలకు ఒక్కో ప్రోగ్రాము ఒక్కో జవాబు చెప్పింది. 2014లో జెఫ్ అట్‌వుడ్, బర్క్‌లీలో తత్వశాస్త్రం బోధించే జాన్ మెక్‌ఫార్లేన్, మరికొందరు కలిసి 'స్టాండర్డ్ మార్క్‌డౌన్' ప్రకటించారు. ఆ పేరుకు గ్రూబర్ ఒప్పుకోలేదు. కొద్ది రోజుల్లోనే అది 'కామన్‌మార్క్' అయింది.

పేరు తగాదా అలా ఉంచితే, వారు చేసిన పని మెచ్చుకోదగ్గది. ఉపన్యాసం లాంటి నియమావళి రాయలేదు. ఇలా రాస్తే ఇలా కనిపించాలి అంటూ 600కు పైగా ఉదాహరణలు కూర్చారు. ఏ ప్రోగ్రామునైనా వాటితో పరీక్షించి చూడవచ్చు. లెక్కల మాస్టారు సూత్రం చెప్పి ఊరుకోకుండా అభ్యాసం చివర జవాబులు కూడా ఇచ్చినట్టు. 2017లో గిట్‌హబ్ దాన్ని పునాదిగా తీసుకుని తనకు కావలసిన పట్టికల వంటివి పైన చేర్చుకుంది. అయినా 2024లో వెలువడిన దాని కూర్పు సంఖ్య 0.31.2. ఇంకా ఒకటికి చేరలేదు.

మన యూనికోడ్ కూడా పూర్తయిపోలేదు. తెలుగు దంత్య అక్షరాలైన ౘ, ౙ 2008లో చేరాయి. నకారపొల్లు 2021లో చేరింది. అయితే ఒకసారి చేరిన అక్షరాన్ని తీసేయరు, దాని స్థానం మార్చరు. ఆ హామీ ఉండబట్టే ఈనాడు రాసింది యాభై ఏళ్ల తర్వాత కూడా చదవవచ్చని నమ్ముతున్నాం.

మనం చేయవలసింది

మిత్రులారా, పాత వార్షికోత్సవాల నివేదికలు, రిటైరైన ఉపాధ్యాయుల మీద రాసిన వ్యాసాలు, బ్యాచ్‌ల జాబితాలు మీలో ఎవరి దగ్గరైనా సీడీల్లో, పాత కంప్యూటర్లలో ఉండే ఉంటాయి. తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపించాయని వాటిని పారేయకండి. అది చెడిపోయిన ఫైలు కాదు, తాళంచెవి పక్కన పెట్టని పెట్టె. ఏ ఫాంటులో కొట్టించారో, ఏ సాఫ్ట్‌వేర్ వాడారో గుర్తున్నంత మేరకు ఒక చీటీ మీద రాసి ఫైలుతోపాటు సంఘానికి అందజేయండి. ఫాంటు పేరు తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చడం గంటల పని. మార్చాక అచ్చుప్రతితో సరిచూడడానికి మన తెలుగు ఉపాధ్యాయుల సాయం కావాలి, ఎందుకంటే 'ష' దగ్గర 'శ' పడితే పట్టుకోగలిగింది వారి కన్నే. ఈ సంచిక ప్రతిని కూడా ముద్రణ ఫైలుగానే కాక, యూనికోడ్ పాఠంగా విడిగా దాచి ఉంచుదాం. శతాబ్ది సంచిక వేసేవారికి అది ఉపయోగపడుతుంది.