పేరొక్కటే... అత్తవారిళ్లే వేరు!

ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బమ్మలుంటే పెద్ద సుబ్బమ్మ, చిన్న సుబ్బమ్మ అని పిలుచుకుని సర్దుకుపోతాం. నదులకా సదుపాయం లేదు. మా రాజంపేట పక్కన పారే చెయ్యేరుకు తమిళదేశంలో సరిగ్గా అదే పేరుగల నది ఇంకొకటుంది. వాళ్లు చెయ్యార్ అంటారు. ఏరన్నా ఆరన్నా ఒకటే కదా!

ఉపనది అంటేనే ఆడపిల్ల. పుట్టింట ఉండిపోవడానికి వీల్లేదు, ఎవరో ఒకరింటికి వెళ్లి ఇంటిపేరు మార్చుకోవలసిందే. బాహుద, పింఛ అనే రెండు ఏర్లు రాయవరం దగ్గర కలిసి మా చెయ్యేరయి, రాజంపేట, నందలూరు మీదుగా వెళ్లి పెన్నలో కలుస్తుంది. తమిళ చెయ్యారు జవ్వాది కొండల్లో పుట్టి, తన పేరే పెట్టుకున్న చెయ్యార్ పట్టణాన్ని పలకరించి, తిరుముక్కూడల్ దగ్గర పాలారులో కలుస్తుంది. పెన్నా, పాలారూ రెండూ కన్నడదేశంలో నందికొండల వైపు నుంచి వచ్చినవే. అంటే మన ఇద్దరు కోడళ్లనూ చేసుకున్నది ఒకే ఊరి వాళ్లన్నమాట!

పేరొక్కటేగాని అర్థం ఒకటి కాదు. తమిళంలో చెయ్యిని 'కై' అంటారు. కనుక చెయ్యార్ అంటే వాళ్లకు చెయ్యి గుర్తుకు రాదు, 'సేయ్' అంటే బిడ్డ గుర్తుకొస్తాడు. బాల మురుగన్ ఆడుకోవడానికి పార్వతీదేవి సృష్టించిన ఏరట అది! సంగం కాలపు 'మలైపడుకడాం'లోనే ఈ నది కనిపిస్తుంది.

మనకు మాత్రం చెయ్యే. దీని సంస్కృతం పేరు బాహుద, అంటే బాహువునిచ్చినది. భారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. అన్న తోటలో అడక్కుండా పండు తిన్నాడు తమ్ముడు లిఖితుడు. "ఇది దొంగతనం, రాజు దగ్గరికెళ్లి శిక్ష వేయించుకో" అన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు చేతులు నరికించాడు. అప్పుడు అన్న బాహుదలో స్నానం చేయించగానే చేతులు మళ్లీ వచ్చాయి. కాణిపాకం వాళ్లు ఆ బాహుద మా ఊరిదేనంటారు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలోనూ ఒక బాహుద ఉంది. మాకైతే అత్తిరాలే ప్రమాణం. తల్లిని చంపిన పరశురాముడి చేతికంటుకున్న గొడ్డలి ఇక్కడే ఊడిపడిందని చెప్పుకుంటారు. శివరాత్రికి ఇప్పటికీ జాతర జరుగుతుంది.

కథలో నాకు నచ్చింది మహిమ కాదు, ఆఖరున తమ్ముడడిగిన ప్రశ్న. "ఇంత శక్తి ఉన్నవాడివి ముందే నన్ను శుద్ధి చేయలేకపోయావా?" అంటే అన్న, "దండించడం నా పని కాదు, అది రాజుది" అన్నాడు. ఎవరి పని వాళ్లు చేయాలన్నమాట.

తమిళ చెయ్యారు పాలారును చేరే తిరుముక్కూడల్ గుడిలో 11వ శతాబ్దపు వీరరాజేంద్ర చోళుని శాసనం ఉంది. అందులో 15 పడకల ఆస్పత్రి, వైద్యుడు, శస్త్రచికిత్స చేసేవాడు, నిలవచేసిన మందులు, అన్నీ లెక్కగా రాసి ఉన్నాయి. రాజు పని అంటే అలా ఉండాలి!

మా చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. చెలమ తవ్వితేగాని నీళ్లు కనిపించవు. అలాంటిది 2021 నవంబరు 19న, కార్తీకపౌర్ణమి వేళ, ఎగువన పింఛ కట్ట తెగి వరద విరుచుకుపడితే, 2.24 టీఎంసీల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. మందపల్లి, పులపత్తూరు, తొగురుపేట ఊళ్లమీద పడింది నీళ్లు. దీపాలు పెట్టుకునే రోజున ఇళ్లల్లో దీపాలారిపోయాయి. ప్రాజెక్టు గేట్లలో ఒకటి అంతకుముందు నుంచే పనిచేయడం లేదని పత్రికలన్నీ రాశాయి. అదే వారంలో పాలారుకూ పెద్ద వరదే వచ్చింది.

"చేతులిచ్చిన తల్లే చెయ్యిచ్చింది" అని ఊళ్లో ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. నది తన పని తాను చేసింది. వాన వస్తే పారడం దాని పని. గేటు బాగుచేయించడం, కట్ట కాపాడడం, రాత్రికి రాత్రే జనాన్ని లేపి గట్టెక్కించడం... శంఖుడు చెప్పినట్టు, అది రాజు పని!