ట్వీక్ యూఐ

ట్వీక్ యూఐ అనేది విండోస్ ఆపరేటింగు సిస్టములో సాధారణంగా పైకి కనిపించని అమరికలను మార్చుకోవడానికి మైక్రోసాఫ్టు సంస్థ ఉచితంగా అందించిన ఒక చిన్న ఉపకరణము. ఇది పవర్‌టాయ్స్ అనే ఉపకరణాల సముదాయానికి చెందినది. దీనికి మైక్రోసాఫ్టు అధికారిక సహాయము అందించలేదు.

చరిత్ర

ట్వీక్ యూఐ మొదట విండోస్ 95 కొరకు వెలువడినది. విండోస్ 98 సీడీలో కూడా దీనిని చేర్చారు. తొలి రూపాలలో ఇది కంట్రోల్ ప్యానెలులో ఒక భాగముగా కనిపించేది. విండోస్ ఎక్స్‌పీ కొరకు వచ్చిన రూపము మాత్రము విడి ప్రోగ్రాముగా పనిచేసేది. ఎక్స్‌పీ తరువాత వచ్చిన విస్టాకు దీనిని విడుదల చేయలేదు.

పనిచేయు విధానము

విండోస్ తన అమరికలలో అధిక భాగాన్ని రిజిస్ట్రీ అనే దత్తాంశ నిధిలో భద్రపరుస్తుంది. వీటిలో కొన్నింటికి మాత్రమే కంట్రోల్ ప్యానెలులో మీటలుంటాయి. మిగిలిన వాటిని రిజిస్ట్రీ ఎడిటరు ద్వారా స్వయంగా మార్చవలసి ఉంటుంది. ఉదాహరణకు, మై కంప్యూటరులో డ్రైవులు కనిపించకుండా చేసే అమరిక ఒకే ఒక సంఖ్య. అందులో ఏ డ్రైవు విలువ 1, బీ విలువ 2, సీ విలువ 4, డీ విలువ 8. సీ, డీ రెండింటినీ దాచాలంటే 12 అని వ్రాయాలి. ట్వీక్ యూఐలో ఆయా డ్రైవుల ఎదుట ఉన్న టిక్కు తీసివేస్తే సరిపోతుంది. లెక్క అదే చూసుకుంటుంది.

ముఖ్యమైన అమరికలు

- మెనూలు తెరుచుకునే వేగము. సహజ విలువ 400 మిల్లీసెకండ్లు.
- మౌసు సూచిక ఏ కిటికీపై ఉంటే ఆ కిటికీయే క్రియాశీలము కావడము.
- డెస్కుటాపు, కంట్రోల్ ప్యానెలులలోని ప్రతీకలను దాచడము.
- ఆటోప్లేను నిలిపివేయడము. పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించే వైరసుల బెడదను తగ్గించడానికి ఇది ఉపకరించేది. 2011లో మైక్రోసాఫ్టు ఎక్స్‌పీ, విస్టాలలో పెన్‌డ్రైవుల ఆటోరన్‌ను నవీకరణ ద్వారా కట్టడి చేసినది.
- సంకేతపదము అడగకుండానే లాగిన్ కావడము.

జాగ్రత్తలు

దాచిన డ్రైవు రక్షింపబడిన డ్రైవు కాదు. చిరునామా టైపు చేసి దానిని తెరవవచ్చు. సంకేతపదము లేని లాగిన్ వలన కంప్యూటరును ఎవరు ఆన్ చేసినా యజమాని ఖాతా తెరుచుకుంటుంది. కనుక పలువురు వాడే కంప్యూటర్లకు అది తగదు. రిజిస్ట్రీలో తప్పు మార్పు జరిగితే విండోస్ మొదలు కాకపోవచ్చు. అందువలన మార్పులకు ముందు ఎక్స్‌పీలోని సిస్టమ్ రిస్టోర్ ద్వారా పునరుద్ధరణ బిందువును సృష్టించుకోవడము మంచి పద్ధతి.

తెలుగు వాడుకరులు - మరుగున ఉన్న అమరిక

తెలుగు వాడుకరులకు అన్నిటికంటె ముఖ్యమైన అమరిక ట్వీక్ యూఐలో లేదు. విండోస్ ఎక్స్‌పీ తెలుగు లిపికి గౌతమి ఫాంటుతో సహా ఊతమిచ్చినా, అది సహజ స్థితిలో నిద్రాణముగా ఉండేది. కంట్రోల్ ప్యానెలులోని ప్రాంతీయ, భాషా ఐచ్ఛికాలలో సంక్లిష్ట లిపుల ఎదుట టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ నుండి ఫైళ్లను స్థాపించుకోవలసి వచ్చేది.

యూనికోడులో "చిత్తూరు" అనే పదము ఎనిమిది సంకేతాల వరుస. వాటిని చి, త్తూ, రు అనే మూడు అక్షరాలుగా కూర్చే పని లిపి యంత్రానిది. అది పనిచేయనప్పుడు గుణింతపు గుర్తులు విడిపోయి, తకారపు ఒత్తు కిందికి చేరక, పదము చదవడానికి వీలుకాకుండా పోయేది. సీడీ అందుబాటులో లేనివారికి ఓమిక్రాన్‌ల్యాబ్ రూపొందించిన ఐకాంప్లెక్స్ అనే ఉపకరణము ఈ పనిని చేసిపెట్టేది. విస్టా నుండి ఈ ఊతము ముందుగానే అమరి ఉండటముతో ఆ అవసరము తొలగినది.

తదనంతర పరిణామాలు

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినది. పవర్‌టాయ్స్ పేరును ఆ సంస్థ 2019లో విండోస్ 10 కొరకు ఓపెన్ సోర్సు ప్రాజెక్టుగా పునరుద్ధరించినది. అందులో ట్వీక్ యూఐ లేదు.