కాన్పు బల్ల మీది భయం: గోవా అధ్యయనం వదిలేసిన గది

బాలింతల మానసిక వేదన మీద మన దేశంలో ఎవరు రాసినా విక్రమ్ పటేల్ బృందం 2002లో ప్రచురించిన గోవా అధ్యయనాన్ని తలచుకోకుండా ముందుకు పోరు. జిల్లా ఆసుపత్రికి వచ్చిన 270 మంది గర్భిణులను ఎంచుకుని, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో కుంగుబాటు ఉందని తేల్చారు. పేదరికం, మొగుడితో పొసగకపోవడం, ఆడపిల్ల పుట్టడం ముఖ్య కారణాలన్నారు. అవి అబద్ధమని ఎవరంటారు? నా పేచీ అల్లా కాన్పు గది గురించే. ఆ తలుపు దాకా వచ్చి వెనుదిరిగిన పరిశోధన అది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బాలింతలతో మాట్లాడేటప్పుడు ఈ అనుమానం గట్టిపడింది. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్న ఒకామెకు తొలికాన్పయి ఏడాది దాటింది. స్టీలు తట్ట కింద పడిందంటే చాలు, చేతిలో నాడె ఆగిపోతుంది, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంటాయి. "మళ్ళా ఆ బల్ల మీందికే పోయినట్టుంటాదక్కా" అంది. టీకాలకు బిడ్డను అత్త ఎత్తుకుపోతుంది. ఈమె ఆసుపత్రి గేటు దాటదు. బెదురుకుందని ఇంట్లోవాళ్ళు అంత్రం కట్టించారు. అయినా ఆమె నవ్వుతుంది, బిడ్డను ముద్దుచేస్తుంది, చీర నేస్తుంది.

కుంగుబాటు కొలతకు ఈమె చిక్కదు. దాన్ని కొలవడానికి వాడే 1987 నాటి ఎడింబరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. వాటిలో రెండు, సరైన కారణం లేకుండా ఆందోళన పడ్డారా, హడలిపోయారా అని అడుగుతాయి. ఈమె లేదనే చెబుతుంది. కారణం లేకేం, కళ్ళ ముందే ఉంది! నిజంగా దెబ్బతిన్న మనిషే ఈ రెంటికీ తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. ఈ ప్రశ్నావళి పట్టుకుని మన విశ్వవిద్యాలయాల్లో పట్టాలు ఇస్తూనే ఉన్నాం.

సుసాన్ ఏయర్స్ బృందం కాన్పు ఆఘాతాన్ని కొలవడానికి 2018లో తెచ్చిన 29 ప్రశ్నల సిటీ కొలమానం నేరుగా కాన్పు నుంచే మొదలవుతుంది. 2017 నాటి సమీక్ష ప్రకారం ఆఘాతానంతర ఒత్తిడి సాధారణ తల్లుల్లో 4 శాతం, ముప్పు ఎక్కువున్నవారిలో 18.5 శాతం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42.4 శాతం, అలాంటి చోట 4 శాతం అంకె నమ్మదగ్గది కాదు. కోత పడిన ప్రతి తల్లికీ ఈ బెదురు ఉండదన్నది నిజమే.

అదే సర్వేలో రాష్ట్రంలోని వివాహితల్లో 69.6 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. దీన్ని కుటుంబ నియంత్రణ విజయంగా రాసుకుంటున్నారు. ఇద్దరు చాలనుకోవడంలో ఆస్తి లెక్క ఎంతుందో, మళ్ళీ ఆ బల్ల ఎక్కకూడదన్న పట్టుదల అంతకు మించి ఉందని నా వాదన.

నెల దాటినా పోని బెదురునే ఆఘాతానంతర ఒత్తిడి కింద లెక్కగడతారు కనుక, పసికందు సంరక్షణకు ఆశా కార్యకర్త ఇంటికొచ్చే రోజుల్లో చివరిదైన 42వ రోజే దీన్ని అడగడానికి తగినది. కానీ హిందూపురం కోడళ్ళలో చాలామంది ఆ రోజుకు ఇంకా సరిహద్దు అవతల, కర్ణాటకలోని గౌరీబిదనూరు వైపు పుట్టింట్లోనే ఉంటారు.