నల్లకోటు ముందు నిలిచే ప్రశ్నలు

పెందుర్తి దాటి అనకాపల్లి వైపు వెళ్తుంటే సబ్బవరం వస్తుంది. విశాఖ అంటే అందరికీ ఉక్కు, ఓడరేవు గుర్తొస్తాయి. నల్లకోటు వేసుకోబోయే పిల్లలకు మాత్రం ఈ ఊరే గుర్తు. ఇక్కడి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ప్రాంగణానికి ‘న్యాయప్రస్థ’ అని పేరు పెట్టారు. దేశంలో ఎక్కడ లా చదివినా వృత్తి ధర్మం తప్పనిసరి పేపరు. మార్కులు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. కక్షిదారు ఒకవైపు, కోర్టు మరోవైపు, సొంత బతుకు ఇంకోవైపు లాగిన రోజున ఎటు నిలబడాలన్నది మాత్రం పుస్తకంలో దొరకదు. ముందు తరాల వాళ్లు ఏం చేశారో చూడాల్సిందే.

ఒకప్పుడు ప్లీడర్లలోనే అంతరాలుండేవి. రెండో తరగతి ప్లీడరు కింది కోర్టుల్లోనే వాదించాలి, హైకోర్టు గడప తొక్కే వీల్లేదు. రాజమండ్రిలో అలాంటి ప్లీడరుగా బాగా పేరు తెచ్చుకున్న టంగుటూరి ప్రకాశం ఆ గీత దాటడానికే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై 1907లో తిరిగొచ్చారు. మద్రాసులో రెండు చేతులా సంపాదిస్తున్న రోజుల్లో, 1921లో, సహాయ నిరాకరణ కోసం ప్రాక్టీసు వదిలేశారు. ఎంత కష్టపడి ఎక్కిన మెట్టో తెలిస్తేగానీ దిగడంలోని బరువు తెలియదు.

అదే 1921 ఫిబ్రవరిలో కర్నూలు జిల్లా పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో సంజీవయ్య పుట్టారు. 1950లో లాయరయ్యారు, 1960 జనవరిలో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాదే అవినీతి నిరోధక శాఖ ఏర్పాటైంది. లంచగొండుల మీద నిఘా పెడితే అది తనకు మద్దతిచ్చే వాళ్ల గుమ్మం దాకా కూడా రావచ్చు. ముఠాల మధ్య నెట్టుకొస్తున్న ముఖ్యమంత్రికి అది చిన్న సాహసం కాదు. 1962 మార్చిలో ఆ పదవి చేజారింది.

ఈ ముగ్గురిలో ఎక్కువ ఆలోచింపజేసేది కోకా సుబ్బారావు జీవితం. 1902లో రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి. ఆయన సుప్రీంకోర్టులో ఉండగా ఉత్తరప్రదేశ్ నుంచి ఖరక్ సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైనా, పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి కానిస్టేబుళ్లు, గ్రామ చౌకీదారు వచ్చి తలుపు బాదేవారు. కేకలేసి నిద్రలేపేవారు, ఒక్కోసారి స్టేషనుకు రమ్మనేవారు. పొరుగూరు వెళ్లాలన్నా చెప్పి వెళ్లాలి.

1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట తలుపు తట్టడం చెల్లదని ఆరుగురు జడ్జీలూ ఒప్పుకున్నారు. మిగతా నిఘాను నలుగురు సమర్థించారు, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. వెనకాల నీడలా పోలీసు నడుస్తుంటే అడుగు వేసే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, గోప్యత స్వేచ్ఛలో భాగమేనని విడిగా రాశారు. జస్టిస్ జె.సి.షా ఆయనతో కలిశారు. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం సుబ్బారావు మాటే సరైనదని తేల్చింది. ఆయన పోయి అప్పటికి 41 ఏళ్లు.

ఇంత ధైర్యం చూపిన మనిషి తీసుకున్న మరో నిర్ణయం ఇప్పటికీ మింగుడుపడదు. 1967 ఏప్రిల్ 11న, రిటైరవడానికి మూడు నెలల ముందు, భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. చట్టం అడ్డుచెప్పలేదు. అయినా జడ్జి కుర్చీకీ ఎన్నికల బరికీ మధ్య కొంత ఎడం ఉండాల్సింది. పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించజాలదన్న గోలక్‌నాథ్ తీర్పును ఆయన ఆ ఫిబ్రవరి 27నే ఇచ్చారు. నిష్కల్మషంగా రాసిన తీర్పునైనా జనం ఆ పోటీతో ముడిపెట్టి చూడకుండా ఉంటారా? మే నెలలో ఓట్లు లెక్కపెట్టారు. జాకిర్ హుస్సేన్ గెలిచారు. గోలక్‌నాథ్ తీర్పు వెలువడి అప్పటికి మూడు నెలలైనా కాలేదు.